సడీ చప్పుడు లేని సర్వర్!

నవీపేట్ శనివారం సంతలో మేకను దూరం నుంచి చూసి ఎవరూ కొనరు. నోరు తెరిచి పళ్లు చూస్తారు. వెన్ను తడుముతారు. నాలుగడుగులు నడిపిస్తారు. ఆ తర్వాతే బేరం! పాత కంప్యూటర్ కొనేటప్పుడూ అచ్చంగా అలాగే చూడాలి. అలా చూసి తెచ్చుకున్న ఓ చిన్న పెట్టె ఇంటిల్లిపాది ఫొటోలనూ, పెళ్లి వీడియోలనూ, పట్టాదారు పాసుపుస్తకాల నకళ్లనూ ఓ మూలన కూర్చుని కాపాడుతుంది.

సర్వర్ అనగానే ఏసీ గదుల్లో వరసగా నిలబెట్టిన బీరువాలే గుర్తొస్తాయి. నిజానికి ఎవరు ఏ ఫైలు అడిగితే అది అందించే కంప్యూటర్ ఏదైనా సర్వరే. ఇంటికి కావలసింది హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ లాంటిదొకటి చాలు. జానెడు పొడవు, జానెడు వెడల్పు, రెండు వేళ్ల మందం... అంతే! బ్యాంకు కౌంటర్లలో మానిటర్ వెనక అతుక్కుని కనిపించేవి ఇవే.

చవకెందుకయ్యాయి?

కంపెనీలు కొన్నేళ్లకోసారి కంప్యూటర్లు మార్చేస్తుంటాయి. దానికి తోడు విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసర్, ఆపైది ఉండాలి. ఆరు, ఏడు తరాలవి బాగానే పనిచేస్తున్నా ఆఫీసులకు పనికిరానివైపోయాయి. నవీపేట్ నుంచి రైలెక్కి సికింద్రాబాద్ వెళ్తే పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ల అంగళ్లు బారులు తీరి ఉంటాయి. ధర ర్యామ్‌ని బట్టి, డిస్కుని బట్టి, కొంత మీ నోటిని బట్టి!

ఇంతకీ ఏం చూడాలి? ప్రాసెసర్ పేరు చివర ‘టీ’ అక్షరముంటే (ఐ5-6500టీ లాగా) తక్కువ కరెంటుతో నడిచే రకం. సినిమాలు కూడా చూడాలనుకుంటే ఏడో తరం మేలు. కొత్త పద్ధతిలో కుదించిన 10-బిట్ వీడియోలను అది సునాయాసంగా విప్పుతుంది. బయోస్‌కి పాత కంపెనీ పాస్‌వర్డ్ ఉంటే మాత్రం ఎంత చవకైనా వద్దు. అడాప్టర్ ఆ కంపెనీదే అయి ఉండాలి. అంగట్లోనే స్విచ్చేయించి ఓ పది నిమిషాలు చెవి పెట్టి వినండి. ఫ్యాను గరగరలాడితే దుమ్ము పట్టిందన్నా కావచ్చు, అరిగిపోయిందన్నా కావచ్చు. దుమ్మయితే బ్రష్షుతో పోతుంది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు తీసి కొత్తది పూయిస్తే వేడి తగ్గుతుంది, దాంతో ఫ్యానూ నెమ్మదిస్తుంది. ఇక తిరిగే హార్డ్‌డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ వేసుకుంటే, పెట్టె ఆన్‌లో ఉందో లేదో లైటు చూస్తేగానీ తెలియదు.

రాత్రింబవళ్లు నడిస్తే కరెంటు బిల్లు మాటేమిటి? పెద్ద పనేమీ లేనప్పుడు ఇలాంటి పెట్టె తినేది సుమారు 10 వాట్లు. అంటే నెలకు ఏడు యూనిట్ల పైచిలుకు. 60 వాట్ల పాత డెస్క్‌టాప్‌ని అలాగే నడిపితే 43 యూనిట్లవుతాయి. 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు పొందే ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. హద్దు దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందేగా!

దుబాయి ఫొటోలు ఎక్కడున్నాయి?

నిజామాబాద్ జిల్లా పల్లెల్లో గల్ఫ్‌కి మనిషిని పంపని వాడకట్టు అరుదు. బిడ్డ తొలి అడుగులు, బారసాల, తల్లి చివరి రోజులు... ఆ ఇళ్లలో అన్నీ ఫోన్లలోనే అటూ ఇటూ తిరిగాయి. ఫోను నీళ్లలో పడితే? పాస్‌వర్డ్ మరిచిపోతే? గూగుల్ ఫొటోస్ 2021 జూన్ 1 నుంచి లెక్కలేనన్ని ఫొటోలు ఉచితంగా దాచడం మానేసింది. 15 జీబీ నిండితే నెలనెలా కట్టుకోవాలి. పోనీ పెళ్లి డీవీడీలున్నాయిగా అంటే, అవి గీతలు పడి మధ్యలో ఆగిపోతున్నాయి. 1937లో పుట్టి 2015 డిసెంబరులో మూతపడిన బోధన్ నిజాం షుగర్స్‌లో తాత పనిచేసినప్పటి గుర్తింపు కార్డో, జీతం చీటీయో ఉంటే అదీ స్కాన్ చేసి దాచాల్సిందే.

పెట్టెలో వేసే సాఫ్ట్‌వేర్‌కి పైసా ఖర్చు లేదు. 1993 నుంచీ ఉన్న డెబియన్ లినక్స్ పునాది. దానిపైన ‘ఇమిచ్’ వేస్తే ఫోనులో తీసిన ఫొటో ఇంటి వైఫై అందగానే పెట్టెలోకి చేరిపోతుంది. ఎవరి ముఖం ఎక్కడుందో కూడా ఇంట్లోనే వెతికి పెడుతుంది. సినిమాలకు ‘జెల్లీఫిన్’. ‘కివిక్స్’ ఉంటే 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను దింపుకుని, నెట్ లేని రోజునా పిల్లలు చదువుకోవచ్చు. ఆదేశాలు టైప్ చేయాల్సి వస్తుంది కాబట్టి మొదటి వారం కాస్త విసుగే. ఇంజినీరింగ్ చదివే పిల్లలెవరైనా ఉంటే ఓ ఆదివారం పట్టుకోండి.

ఒక్క పని మాత్రం మరవద్దు. బయోస్‌లో ‘కరెంటు రాగానే ఆన్ కావాలి’ అనే అర్థమొచ్చే ఎంపిక ఉంటుంది. అది పెట్టకపోతే కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు వెళ్లి మీట నొక్కాలి. కరెంటు ఉన్నట్టుండి పోతే రాస్తున్న ఫైలు పాడయ్యే ప్రమాదమూ ఉంది. ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకే కలపండి. ఇంత చిన్న బరువు దానికి ఓ లెక్కలోది కాదు. రౌటర్‌కి వైఫైతో కాకుండా కేబుల్‌తో కలపడం మేలు. బీరువాలో పెట్టి తలుపు మూశారో, నిజామాబాద్ ఎండలకు ఉడికిపోతుంది.

మస్కట్‌లోనో దోహాలోనో ఉన్న తండ్రి ఈ ఫొటోలు చూడగలడా? చూడగలడు. మన ఇంటర్నెట్ కంపెనీల్లో చాలావరకు ఒకే అడ్రసును ఎన్నో ఇళ్లకు పంచుతాయి కాబట్టి బయటి నుంచి నేరుగా తలుపు తట్టడం కుదరదు. ‘టెయిల్‌స్కేల్’ లాంటివి రెండు వైపులా వేస్తే దారి దొరుకుతుంది. ఇదీ వీపీఎన్ కోవలోదే. గల్ఫ్ దేశాల్లో వీపీఎన్‌లపై ఆంక్షలున్నాయి, దుర్వినియోగం చేస్తే యూఏఈలో కఠిన శిక్షలూ ఉన్నాయి. అక్కడి నిబంధనలు కనుక్కున్నాకే వాడాలి. రౌటర్‌లో పోర్టు తెరిచి పెట్టెను నేరుగా నెట్‌కి వదలడం మాత్రం వీధి తలుపు బార్లా తీసి పడుకోవడమే!

ఇక చాలామంది పొరబడేది ఒకటుంది. ఫొటోలు పెట్టెలోకి చేరాయని ఫోనులోవి తుడిచేస్తారు. అప్పుడు మళ్లీ మిగిలేది ఒక్క ప్రతే! డిస్కు ఏ రోజైనా ఆగిపోవచ్చు. అందుకే యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లో ఇంకో ప్రతి తీసి, ఏ బోధన్‌లో ఉన్న మేనమామ ఇంటి బీరువాలోనో పెట్టాలి. పండక్కి వెళ్లినప్పుడు దాన్ని తెచ్చి కొత్త ఫొటోలు కలపాలి. అలాగే పాతవి ఓ పది తెరిచి, నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూసి పంపాలి.