అమ్మమ్మ పేరిట గుడి.. ఆవిడ చేతిలోనే వారం
యానాం కథోలిక విచారణలో ఆదివారం నుంచి ఆదివారం దాకా

యేసుకి అమ్మ ఎవరంటే ఎవరైనా చెప్తారు, మరియమ్మ అని. మరి అమ్మమ్మ ఎవరు? ఈ ప్రశ్నకి చాలామంది తడుముకుంటారు. యానాం కథోలికులు మాత్రం తడుముకోరు. వాళ్ల గుడి పేరే ఆవిడది. పునీత అన్నమ్మ గుడి.

విచిత్రం ఏమిటంటే, బైబిలు మొత్తం వెతికినా ఈవిడ పేరు కనిపించదు. భర్త జ్వాకీము పేరూ అంతే. పాత క్రైస్తవ సంప్రదాయం తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన పేర్లవి. గ్రంథంలో చోటు దొరకని అమ్మమ్మకి గౌతమి ఒడ్డున ఇంత గుడి ఉంది!

ఆ గుడి నడుస్తున్న తీరు చూస్తే పేరు సరిగ్గానే కుదిరిందనిపిస్తుంది. పూజ చేసేది ఫాదర్‌గారు. లెక్కలు చూసేది పెద్దలు. కానీ చిన్న విచారణలో వారాన్ని మోసేది ఎవరయ్యా అంటే, అమ్మమ్మలూ నాయనమ్మలే.

తెలుగు కథోలికుల మాటల్లో 'విచారణ' అంటే ఒక గుడి, దాని కింద ఉన్న కుటుంబాలు, వాటి బాగోగులు చూసే గురువు. అన్నీ కలిపి ఒకే మాట. ఇతర క్రైస్తవులు 'ఆరాధన', 'కూటం' అంటే వీళ్లు 'పూజ' అంటారు. పక్కింటి హిందువుకి వేరే వివరించనక్కర్లేదు. "పూజకెళ్లొస్తానమ్మా" అంటే సరిపోతుంది.

ఉప్పెన తర్వాత లేచిన గోడలు

ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరు యానాం. చుట్టూ ఆంధ్రప్రదేశ్. పాలన మాత్రం వందల కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరి నుంచి. ఫ్రెంచివారు ఇక్కడ మొదట కాలు పెట్టింది 1723లో. జెండా దించి వెళ్లింది 1954లో. చట్టప్రకారం అప్పగింత పూర్తయ్యేసరికి 1962 ఆగస్టు 16 వచ్చింది.

1839లో పక్కనే ఉన్న కోరంగిని ఉప్పెన ముంచేసింది. రేవు మళ్లీ కోలుకోలేదు. ఆ తర్వాత ఏడేళ్లకి, అంటే 1846లో, యానాంలో కథోలిక గుడి కట్టడం పూర్తయ్యింది. లోపలి అలంకరణకి కావలసిన సామగ్రి ఓడ మీద ఫ్రాన్సు నుంచి వచ్చింది. అదే ఏడాది ఆల్ప్స్ కొండల్లోని ఆనెసీ పట్నం నుంచి వచ్చిన పునీత ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువులు విశాఖపట్నం కేంద్రంగా పని మొదలుపెట్టారు. 1849లో ఆనెసీ నుంచే పునీత జోజప్ప సభ మఠకన్యలు వచ్చారు. మన దేశంలో వాళ్లు మొదట దిగిన ఊరు యానామే.

అప్పట్లో పూజ లాటిన్‌లో జరిగేది. గురువు జనానికి వీపు పెట్టి పీఠం వైపు తిరిగి మంత్రాలు చదివేవారు. ఇది యానాం సంగతే కాదు, ప్రపంచమంతటా అదే పద్ధతి. మరి లాటిన్ ముక్క రాని జనం ఆ గంటసేపూ ఏం చేసేవారు? జపమాల తిప్పుకునేవారు. అదీ తెలుగులో.

రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ప్రజల భాషకి తలుపు తెరిచింది. 1969 నవంబరు 30న, ఆగమన కాలం మొదటి ఆదివారం నుంచి కొత్త పూజాక్రమం అమల్లోకి వచ్చింది. గురువు జనం వైపు తిరిగారు. పూజ తెలుగులోకి దిగింది. అయితే గుడిలోకి తెలుగు కొత్తగా వచ్చిందనుకుంటే పొరపాటు. ఆడవాళ్ల పెదాల మీద అది ముందునుంచీ ఉన్నదే.

జపమాలే క్యాలెండర్

యానాం అనగానే పాతతరం వారికి గుర్తొచ్చేది మంగళవారం సంత. ఫ్రెంచివారి కాలంలో సీమ సరుకు కోసం బ్రిటిష్ ఏలుబడిలోని ఊళ్ల నుంచి కూడా జనం వచ్చేవారు. ఊరికి మంగళవారం ఎలాగో, గుడికి ఆదివారం అలాగ. మిగతా రోజులు ఖాళీ అనుకునేరు. కథోలికుల ఇంట్లో ప్రతి రోజుకీ ఒక గుర్తు ఉంటుంది.

దాన్ని చెప్పేది జపమాల. ఐదు పదులు, పదికి పది మంగళవార్త జపాలు. ఒక్కో పదికీ క్రీస్తు, మరియమ్మల జీవితంలోంచి ఒక ఘట్టాన్ని తలుచుకోవాలి. వాటినే దేవరహస్యాలంటారు. సోమవారం, శనివారం సంతోష దేవరహస్యాలు. మంగళవారం, శుక్రవారం దుఃఖ దేవరహస్యాలు. బుధవారం, ఆదివారం మహిమ దేవరహస్యాలు. గురువారానికి వెలుగు దేవరహస్యాలు. ఈ చివరివి 2002లో రెండో జాన్‌పాల్ పోపుగారు చేర్చినవి. అప్పటిదాకా గురువారం కూడా సంతోషమే.

చదువు రాని ముసలమ్మకి సైతం ఈ లెక్క కంఠతా వచ్చు. ఇవాళ ఏ వారమో మరిచిపోయిన మనవడు, సాయంత్రం అమ్మమ్మ ఏ దేవరహస్యం మొదలుపెట్టిందో విని వారం పోల్చుకోవచ్చు.

ఈ సాయంకాలపు జపానికి గురువు అక్కర్లేదు. గుడీ అక్కర్లేదు. ఒక పటం, ఒక కొవ్వొత్తి, చాప పరిచే చోటు చాలు. పిల్లలు మధ్యలో కునికిపాట్లు పడతారు. "ఒరే, లే, ఇంకా రెండు పదులే" అని మోచేత్తో పొడుస్తారు. మరియమ్మకి ప్రత్యేకించిన మే, అక్టోబరు నెలల్లో అయితే పొరుగువారూ వచ్చి కూర్చుంటారు.

తపస్సుకాలం వస్తే శుక్రవారం బరువెక్కుతుంది. విభూతి బుధవారం నాడు నుదుటన బూడిద పెట్టించుకున్నది మొదలు, శుక్రవారాల్లో పద్నాలుగు స్థలాల సిలువ మార్గం, మాంసం మానెయ్యడం. గోదారి ఒడ్డున చేపకేం కొరత? కానీ చేప తిన్నంత మాత్రాన ఉపవాసం అయిపోదని ముందుగా హెచ్చరించేదీ ఇంట్లోని పెద్దావిడే.

ఆదివారం అసలు పని ముందురోజే మొదలవుతుంది. పీఠం మీది తెల్లగుడ్డలు ఉతికి ఇస్త్రీ చెయ్యాలి. పూలు కట్టాలి. నేల తుడవాలి. దివ్యసత్ప్రసాదానికి వాడే అప్పాలు సరిపడా ఉన్నాయో లేదో చూడాలి. ఆ అప్పాల్లో గోధుమపిండి, నీళ్లు తప్ప మరేమీ కలపకూడదు. పాటలు ఎవరెత్తుకోవాలి, పఠనం ఎవరు చదవాలి అన్నదీ చిన్న విచారణల్లో శనివారం సాయంత్రమే తేల్చుకుంటారు.

పూజలో పాత నిబంధన నుంచి ఒకటి, లేఖల నుంచి ఒకటి, సువిశేషం నుంచి ఒకటి పఠనాలు. మూడేళ్లకోసారి తిరిగొచ్చే క్రమం ఇది. ఈ ఆదివారం యానాంలో విన్న భాగాన్నే ఆ రోజు పుదుచ్చేరిలో తమిళంలో, పారిస్‌లో ఫ్రెంచిలో వింటారు. ఫ్రెంచి పౌరసత్వం తీసుకుని వెళ్లిపోయిన బంధువులకీ, ఊళ్లో ఉండిపోయినవారికీ మధ్య ఈ ఒక్కటైనా తెగకుండా మిగిలింది.

మూడు ఆదివారాల చాటింపు

యానాంకి ఒకప్పుడు కల్యాణపురం అని పేరు. బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం 1930లో బ్రిటిష్ ఇండియాలో అమల్లోకి వచ్చినప్పుడు, ఆ చట్టం వర్తించని ఈ ఫ్రెంచి గడ్డ మీదికి పిల్లల్ని తెచ్చి గబగబా పెళ్లిళ్లు చేసేశారు. హద్దు దాటితే చాలు, పెళ్లయిపోయేది.

అదే ఊళ్లో గుడి పద్ధతి పూర్తిగా తలకిందులు. ఇక్కడ తొందర పనికిరాదు. ఫలానా వారి అబ్బాయికీ ఫలానా వారి అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవారు తెలియజేయండి అని వరసగా మూడు ఆదివారాలు పూజలో చదవడం కథోలికుల పాత ఆచారం. తెలుగు విచారణల్లో ఇది ఇప్పటికీ కొనసాగుతోంది. వరుడికి వేరేచోట పెళ్లయ్యిందా, వధువుని బలవంతంగా ఒప్పించారా, వరస కుదురుతుందా, అన్నీ ఆ మూడు వారాల్లో బయటపడాలి. బయటపెట్టేది ఎవరో చెప్పాలా? వెనక బోదె పక్కన కూర్చున్న పెద్దావిడకి నాలుగు తరాల చుట్టరికాలు నోటికి వచ్చు.

రిజిస్టరులో పేరు.. ఇంట్లో పేచీ

ప్రతి విచారణలో జ్ఞానస్నానాలకి, పెళ్లిళ్లకి, మరణాలకి వేర్వేరు రిజిస్టర్లు ఉండి తీరాలన్నది కథోలిక ధర్మశాస్త్రం నియమం. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, తేదీ. పక్కన మార్జిన్ ఖాళీ వదులుతారు. ఆ ఖాళీకి పెద్ద కథే ఉంది. ఆ బిడ్డ ఎదిగి హైదరాబాద్‌లో పెళ్లాడినా, దుబాయ్‌లో ఉన్నా, పెళ్లి జరిపించిన గుడి నుంచి జ్ఞానస్నానం జరిగిన గుడికి కబురు రావాలి. దాన్ని ఆ మార్జిన్లో రాయాలి. మనిషి ఊరు వదిలిపోయినా పేరు ఊళ్లోనే ఉంటుంది.

ఆ పేరే కొన్ని కుటుంబాలకి ఇబ్బంది తెచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకీ 1990లో బౌద్ధులకీ దక్కింది. క్రైస్తవులైన దళితులకి దక్కలేదు. పుదుచ్చేరికి 1964లో వేరే ఉత్తర్వు వచ్చినా క్రైస్తవుల సంగతి అంతే. తెలుగునాట దళిత క్రైస్తవ కుటుంబాల్లో ఈ పేచీ పాతదే. అమ్మమ్మ జ్ఞానస్నానం అంటుంది. నాన్న సర్టిఫికెట్ అంటాడు. బిడ్డ ఉయ్యాల్లో ఉంటాడు.

2024 నవంబరు 26న సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కేసు ఈ కేంద్రపాలిత ప్రాంతానిదే. జ్ఞానస్నానం పొంది, గుడికి వెళ్తూ, రిజర్వేషన్ కోసం మాత్రం హిందువునని చెప్పుకోవడం చెల్లదని కోర్టు తేల్చింది. అంతకుముందు 2022 అక్టోబరులో ఈ సమస్యని పరిశీలించడానికి మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం కమిషన్ వేసింది. మతం మారితే కులం బాధ పోతుందా అన్నది అక్కడి ప్రశ్న. ఊళ్లో అయితే ఆ ప్రశ్నకి జవాబు తెలియనివారు లేరు. ఆదివారం పూజకి వెళ్లడమనే మామూలు పని ఇలాంటి ఇళ్లలో ఎంత బరువైన నిర్ణయమో బయటివారికి తెలియదు.

గంట మోగినా జనం లేని ఈస్టర్

విచారణ అంటే నిజంగా ఏమిటో 2020లో తేలిపోయింది. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. గుళ్లు, మసీదులు, చర్చిలు అన్నీ మూత. ఏప్రిల్ 5 మ్రానికొమ్మల ఆదివారం వచ్చింది, మట్టలు పట్టుకున్న ఊరేగింపు లేదు. ఏప్రిల్ 12 ఈస్టర్ వచ్చింది, జనం లేరు. ప్రార్థనా స్థలాలు తెరవడానికి కేంద్రం అనుమతించింది జూన్ 8 నుంచి.

ఆ రోజుల్లో పూజ ఫోన్‌లోకి వచ్చింది. ఎక్కడో ఖాళీ గుడిలో గురువు చేసే పూజని ఇంట్లో మోకాళ్ల మీద కూర్చుని చూశారు. కానీ దివ్యసత్ప్రసాదం ఫోన్‌లోంచి చేతికి రాదు కదా. పూజ ఆగింది, పాపసంకీర్తనం ఆగింది, చాటింపులు ఆగాయి. ఆగనిది ఒక్కటే. సాయంత్రం చాప మీద జపమాల. దాన్ని నడిపించే మనిషి ఇంట్లోనే ఉంది మరి.

ఆ మనిషే ఇప్పుడు ఒంటరి అవుతోంది. పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ వెళ్లిపోతే, పదులకి బదులు చెప్పే గొంతులు తగ్గుతాయి. జపమాల ఒకరు మొదలుపెడితే ఇంకొకరు ముగించాలి. ఇద్దరుంటేనే దానికి అందం. పెద్దలకి ఈ ఒంటరితనం పెరుగుతోందని గమనించే, ఫ్రాన్సిస్ పోపుగారు 2021లో జులై నాలుగో ఆదివారాన్ని తాత, అమ్మమ్మ, నాయనమ్మల దినంగా ప్రకటించారు. ఆ తేదీ ఊరికే ఎంచుకోలేదు. జులై 26 పునీత అన్నమ్మ, జ్వాకీముల పండుగ.

నవంబరు 2 సకల ఆత్మల పండుగ. సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే రోజు. 1996లో అలా కొవ్వొత్తులు వెలిగించిన నాలుగో నాడే, నవంబరు 6 రాత్రి, తుపాను ఈ తీరాన్ని ఊడ్చేసింది. మరుసటి ఏడాది మళ్లీ నవంబరు 2 వచ్చింది. ఈసారి వెలిగించాల్సిన కొవ్వొత్తులు ఈ తీరమంతా పెరిగాయి. వారం ఆగలేదు.

సెలవులకి వచ్చిన మనవరాలు ఫోన్ చూసుకుంటూ ఉంటుంది. అమ్మమ్మ దీపం వెలిగించి చాప పరుస్తుంది. పిల్ల కుడిచెయ్యి పట్టుకుని నుదుటికి, గుండెకి, ఎడమ భుజానికి, కుడి భుజానికి ఆనించి సిలువ గుర్తు వేయిస్తుంది. "ఇవాళ ఏ వారమే?" అని అడుగుతుంది.

"గురువారం."

"అయితే వెలుగు దేవరహస్యాలు. మొదటి పది నువ్వు అందుకో."