మట్టిగోడల ప్రార్థనామందిరము

మా యూరి మట్టిగోడల భజనమందిరమును బడఁగొట్టి సిమెంటుతోఁ గట్టుదమని మొన్న సభ జరిగెను. అచ్చట నేను చెప్పిన ముచ్చటనే మీకును విన్నవించెదను.

హంగరీ దేశమున టాకోష్ అను పల్లె కలదు. అచ్చటి క్రైస్తవులు కాల్విను బోధ ననుసరించు సంస్కరణ సంఘమువారు. 1567లో డెబ్రెట్సెన్ నగరమునఁ గూడిన సభ వారి మతమునకుఁ గట్టుబాట్లేర్పఱచినది. వారి మందిరములందు విగ్రహములుండవు. వాక్యశ్రవణమే ప్రధానము గనుక బోధకుని యున్నతవేదికయే ముఖ్యస్థానము.

టాకోష్ వారు పేదలు. 1766లో వారు కొయ్యచట్రమునఁ దడిక యల్లి, మట్టి మెత్తి మందిరము కట్టుకొనిరి. నేలయు మట్టినేలయే. అయినను తలయెత్తి చూచినచో, పలకలుగా నమర్చిన కొయ్యకప్పు నిండఁ బువ్వులే! వానిని ఫెరెంట్స్ లాందోర్ అను వడ్రంగి చిత్రించెను. విగ్రహము వలదన్నవారు పువ్వును వలదనలేదు. గంటగోపురము వేఱుగాఁ గొయ్యతోఁ గట్టఁబడి ప్రక్కన నిలిచినది. పారిసునందలి మహామందిరమును దలఁచి, జనులు దీనిని "చెప్పులులేని నోత్ర్ దామ్" అని ముద్దుగాఁ బిలుతురు.

మట్టిగోడ తనంతఁ దాను రెండువందల యేబది యేండ్లు నిలువదు, మెత్తు చేతులుండవలెను. పెద్దలారా, పడఁగొట్టుటకు ముందు మనచేతులనొకసారి చూచుకొందము.