చలికాలంలో పెరటి కోళ్లు: చలి కాదు, తడితోనే అసలు తంటా

డిసెంబర్ వచ్చిందంటే మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పెరట్లో కోళ్లు పెంచే వాళ్లందరిదీ ఒకటే మాట: "అన్నా, చలికి కోళ్లు చచ్చిపోతున్నయి, ఏం చేయాలె?" ఫోన్‌లో వెతికితే చలిదేశాల వీడియోలు వస్తాయి. అక్కడ గిన్నెలో నీళ్లు గడ్డకడతాయి కాబట్టి వాళ్లు హీటర్లు పెట్టుకుంటారు. మనకు ఆ బాధ లేదు. పెద్ద కోడికి ఈకలే దుప్పటి, మన చలిని అది తట్టుకుంటుంది. తట్టుకోలేనిది కింద తడిని, లోపల గాలి ఆడకపోవడాన్ని.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చెప్తా. చలిగాలి తగలొద్దని గూడు చుట్టూ పట్టా కప్పి, కింద దాకా తాళ్లతో బిగించిన. తెల్లారి తలుపు తీస్తే ఘాటుకు నా కళ్లే మండినయి. పట్టా లోపలి వైపంతా నీటి చుక్కలు. వారం తిరిగేసరికి కోళ్లకు ముక్కులు కారడం, గురక. గుడ్లు పెట్టే పెట్టలు రెండు పోయినయి. మా అమ్మ చేతి ఖర్చులు ఆ గుడ్ల మీదనే. చలికి పోయాయనుకున్నాం, కానీ కాదు. కోళ్ల ఊపిరిలోని తేమ, రెట్టలోంచి వచ్చే అమోనియా బయటికి పోయే దారిని నేనే మూసేసిన. ఇప్పుడు చలిగాలి కొట్టే వైపు మాత్రమే గోనె సంచులు కడతా, అది కూడా కోడి కూర్చునే ఎత్తు వరకే. పైన జానెడు జాలీ రాత్రంతా తెరిచే ఉంటుంది.

ఇక కింద పరుపు. సాగర్ ఎడమ కాలువ కింద వరి, మిర్యాలగూడలో రైస్ మిల్లులు, కాబట్టి మనకు వరి ఊకను మించింది లేదు. ఊరికే ఇస్తారనుకోకండి, మిల్లుల బాయిలర్లలో మండేది కూడా అదే. కానీ పది కోళ్లకు రెండు మూడు సంచులు చాలు. తెచ్చేటప్పుడు వాసన చూడండి. బూజు వాసన వస్తే వద్దు, అది కోళ్ల ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. మూడు నాలుగు అంగుళాల మందాన పరచి, రెండు రోజులకోసారి తిరగేయండి. పిడికెడు ఊక తీసి గట్టిగా పిసకండి. చెయ్యి తెరవగానే విడిపోతే బాగున్నట్టు. ముద్దలా నిలిచిందంటే తడి ఎక్కువైంది, అక్కడిది తీసేసి కొత్తది వేయాలి. తడి ఊకలోనే రక్త పారుడు రోగం పెరుగుతుంది. పిల్లలకు అది చాలా ప్రమాదం.

పిల్లల లెక్క వేరే. వాటికి ఈకలు రాలేదు కాబట్టి మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ పోవచ్చు. థర్మామీటర్ లేకున్నా పిల్లలే చెప్తాయి. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి. మొదటి నాలుగైదు రోజులు ఊక మీద పేపర్ పరవండి, లేకుంటే మేత అనుకొని ఊక తింటాయి.

నీళ్ల సంగతి చాలామంది పట్టించుకోరు. గుడ్డులో ముప్పాతిక వంతు నీళ్లే. రాత్రంతా చల్లబడ్డ నీళ్లను కోడి సరిగ్గా తాగదు. నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది, ఆ వెనకే గుడ్లు. పొద్దున్నే మోటారు వేస్తే బోరు నీళ్లు గోరువెచ్చగా వస్తాయి కదా, అవే పోయండి. మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఆ టైంలో గడ్డలా ఉంటాయి. గిన్నెను ఇటుక మీద, కోడి వీపు ఎత్తులో పెడితే ఊక, రెట్ట పడవు. పెద్ద కోళ్లు చీకట్లో నీళ్లు తాగవు, కాబట్టి మాపటికి గిన్నె బయట పెట్టేయండి, ఒలికిపోయే బాధ ఉండదు. బల్బు కింద పిల్లలకు మాత్రం రాత్రి కూడా ఉంచాలి.

ఇంకో మాట. కొక్కెర తెగులు టీకాను నీళ్లలో కలిపి ఇస్తే, క్లోరిన్ కలిసిన నల్లా నీళ్లు వాడొద్దు. క్లోరిన్‌కు టీకా చచ్చిపోతుంది. బోరు నీళ్లో, బావి నీళ్లో తీసుకొని, లీటరుకు ఐదు గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలపండి. అంతకుముందు గంట రెండు గంటలు నీళ్లు ఆపితే అన్నీ దాహంతో వచ్చి తాగుతాయి.