గోడలా నిలబడ్డాడు... గూడు కాలిపోయినా!

గోల్‌ కొట్టినవాడి పేరు తెల్లారేసరికి ఊరంతా తెలిసిపోతుంది. పేపర్లో ఫొటో వస్తుంది. టీవీలో ఆ దృశ్యాన్నే తిప్పితిప్పి చూపిస్తారు. మరి, అవతలివాళ్లు కొట్టబోయిన గోల్‌ని ఆపినవాడి సంగతేంటి? తొంభై నిమిషాలూ పొరపాటు లేకుండా ఆడితే అతనున్న విషయమే ఎవరూ పట్టించుకోరు. ఒక్కసారి కాలు జారిందా... ఓటమి భారమంతా అతని నెత్తినే! ఫుట్‌బాల్‌లో డిఫెండర్‌ ఉద్యోగం అలాంటిది.

ఆ ఉద్యోగంలో పేరు తెచ్చుకున్న కుర్రాడు కొన్షామ్‌ చింగ్లెన్‌సనా సింగ్‌. నోరు తిరగడం లేదా? అభిమానులకీ అతను ‘సనా’నే. మణిపూర్‌లో మైతేయిల భాషలో సనా అంటే బంగారం. మన హైదరాబాద్‌ పేరు పెట్టుకున్న జట్టు 2022లో ఇండియన్‌ సూపర్‌ లీగ్‌ గెలిచిందంటే, అందులో వెనకవరసలో కాపలా కాసిన ఈ బంగారానికీ వాటా ఉంది. ఆ మరుసటి ఏడాదే, ఇరవయ్యారేళ్ల వయసులో, ఆటతో సంపాదించుకున్నదంతా ఒక్క పూటలో పోగొట్టుకున్నాడు. అయినా ఆట ఆపలేదు.

బంతి ఆడని పిల్లాడుండడు!

మణిపూర్‌ చిన్న రాష్ట్రం. 2011 లెక్కల ప్రకారం అక్కడి జనం 30 లక్షల లోపే. అంటే మన హైదరాబాద్‌ నగర జనాభాలో సగం కూడా కాదు. కానీ ఫుట్‌బాల్‌ విషయానికొస్తే దేశంలో దాని వాటా ఎంతో పెద్దది. 2017లో అండర్‌-17 ప్రపంచకప్‌ మన దేశంలో జరిగింది గుర్తుందా? అప్పుడు భారత జట్టులో ఉన్నది 21 మంది. వాళ్లలో 8 మంది మణిపూర్‌ కుర్రాళ్లే! ఫిఫా ప్రపంచకప్‌ పోటీల్లో మన దేశానికి తొలి గోల్‌ కొట్టిన జీక్సన్‌ సింగ్‌ది కూడా ఆ రాష్ట్రమే. భారత జట్టు రక్షణ భారాన్ని ఏళ్లపాటు మోసిన గౌరమాంగీ సింగ్‌దీ మణిపూరే.

అలాంటి నేలమీద, చురాచాంద్‌పూర్‌ జిల్లాలోని ఖుముజామా లైకై అనే ఊరు సనాది. పుట్టింది 1996 నవంబరు 27న. ఈశాన్య రాష్ట్రాల్లో బంతి బాగా ఆడే పిల్లాడికి ఆరోజుల్లో కనిపించే పెద్ద గుమ్మం షిల్లాంగ్‌ లజాంగ్‌ క్లబ్బు. చుట్టుపక్కల రాష్ట్రాల కుర్రాళ్లకు అవకాశమిచ్చి, అప్పటి జాతీయ లీగ్‌ అయిన ఐ-లీగ్‌లో ఆడించేది. సనా కూడా ఆ గుమ్మం నుంచే వృత్తి ఫుట్‌బాల్‌లోకి అడుగుపెట్టాడు.

అప్పటికే 2014లో ఐఎస్‌ఎల్‌ మొదలైంది. డబ్బు, టీవీ ప్రసారాలు, విదేశీ కోచ్‌లు... భారత ఫుట్‌బాల్‌ ముఖచిత్రమే మారిపోతున్న కాలమది. 2016లో సనా దిల్లీ డైనమోస్‌ జట్టుకు ఆడే అవకాశం దక్కించుకున్నాడు. అక్కడ కోచ్‌ ఎవరనుకున్నారు? జాన్‌లూకా జాంబ్రోటా! 2006లో ప్రపంచకప్‌ గెలిచిన ఇటలీ జట్టులో డిఫెండర్‌. రక్షణకు మారుపేరైన దేశం నుంచి వచ్చిన మనిషి. ఇరవై ఏళ్లు నిండని డిఫెండర్‌కి ఇంతకన్నా మంచి బడి ఎక్కడ దొరుకుతుంది!

ఆ నలుగురూ ఏం చేస్తారు?

మామూలుగా గోల్‌కీపర్‌కి ముందు నలుగురు డిఫెండర్లుంటారు. అటూఇటూ అంచుల్లో ఇద్దరు, మధ్యలో ఇద్దరు. సనాది మధ్యలో చోటు. ప్రత్యర్థి జట్టులో అందరికన్నా ప్రమాదకరమైనవాడు ఎదురుపడేది ఇక్కడే.

డిఫెండర్‌ అంటే అడ్డుపడి కాళ్లతో బంతి లాక్కునేవాడు అనుకుంటాం. నిజానికి అది ఆఖరి ఉపాయం. అంతకుముందే చాలా పనుంటుంది. బంతి ఎటు రాబోతోందో క్షణం ముందే పసిగట్టాలి. తనవైపున్న ఆటగాణ్ని కనిపెట్టుకుని ఉండాలి. ఆటంతా ఎదురుగా కనిపిస్తుంది కాబట్టి ముందున్నవాళ్లకు కేకలేసి చెప్పాలి. వీటన్నిటికీ మించి ఆ నలుగురూ ఒకే తాడుకు కట్టినట్టు కలిసి ముందుకీ వెనక్కీ కదలాలి. ఎందుకంటే బంతి అందించే క్షణానికి ప్రత్యర్థి ఆటగాడు ఈ వరసను దాటి గోల్‌ వైపు ఉంటే అది ఆఫ్‌సైడ్‌. గోల్‌ కొట్టినా చెల్లదు. అదే, నలుగురిలో ఒక్కరు అడుగు వెనకబడినా ప్రత్యర్థికి దారి దొరికినట్టే!

పెనాల్టీ బాక్సులో తప్పుగా కాలు అడ్డుపెడితే పెనాల్టీ. గోల్‌ ఖాయమనుకున్న చోట వెనకనుంచి లాగి పడేస్తే ఎర్రకార్డు చూపించి పంపించేస్తారు. అందుకే మధ్య డిఫెండర్‌కి బలం కన్నా నిదానం ముఖ్యమంటారు. ఆ నిదానం ఆడగా ఆడగా గానీ రాదు.

2017లో సనా గోవా జట్టులో చేరాడు. స్పెయిన్‌కు చెందిన సెర్గియో లొబేరా కోచ్‌గా ఉన్న ఆ జట్టుకు గోల్స్‌ కొట్టడమంటే మహా సరదా. అందరూ ముందుకు పరిగెడితే వెనక మిగిలేది ఇద్దరే. ఎదురుదాడి వస్తే వాళ్లకు చుక్కలే! ఆ జట్టుతో మూడేళ్లు గడిపిన సనాకు 2019లో సూపర్‌ కప్‌ గెలిచిన ఆనందమూ దక్కింది.

రహీమ్‌ సాబ్‌ ఊరికి...

హైదరాబాద్‌కూ ఫుట్‌బాల్‌కూ ఉన్న బంధం పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. 1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో భారత జట్టును సెమీఫైనల్‌ దాకా తీసుకెళ్లిన కోచ్‌ సయ్యద్‌ అబ్దుల్‌ రహీమ్‌ ఈ ఊరివాడే. హైదరాబాద్‌ సిటీ పోలీస్‌ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్‌ కప్‌ని ఎవరికీ వదల్లేదు. ఆనాటి భారత జట్టులో వెనకవరస కాపలాదారు అజీజుద్దీన్‌ కూడా హైదరాబాదీయే. తర్వాత్తర్వాత క్రికెట్‌ హోరులో ఆ వైభవమంతా మరుగున పడిపోయింది.

2019లో హైదరాబాద్‌ ఎఫ్‌సీ పేరుతో ఐఎస్‌ఎల్‌లోకి ఓ జట్టు వచ్చినప్పుడు పాత అభిమానులు మురిసిపోయారు. కానీ ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. తొలి సీజన్లో ఆడినవి 18 మ్యాచ్‌లు. గెలిచింది రెండే. ప్రత్యర్థులకు ఇచ్చుకున్న గోల్స్‌ అక్షరాలా 39! పట్టికలో ఆఖరి స్థానం.

2020లో స్పెయిన్‌ నుంచి మనోలో మార్కెజ్‌ కోచ్‌గా వచ్చాడు. గోవా నుంచి సనా వచ్చాడు. మధ్యలో అతనికి జోడీగా స్పెయిన్‌ ఆటగాడు ఒడెయ్‌ ఒనైండియా. ఒక అంచున ఉత్తరప్రదేశ్‌ కుర్రాడు ఆకాశ్‌ మిశ్రా, మరో అంచున సిక్కిం నుంచి ఆశిష్‌ రాయ్‌. నాలుగు దిక్కుల నుంచి వచ్చిన నలుగురూ ఒక్క గోడలా కుదిరిపోయారు. ఆ సీజన్లో 20 మ్యాచ్‌ల్లో జట్టు ఇచ్చిన గోల్స్‌ 19. అంతకుముందుతో పోలిస్తే సగం కూడా కాదు! ఆఖరి స్థానంలో ఉన్న జట్టు ఐదో స్థానానికి ఎగబాకింది.

భారత జట్టు నుంచి కూడా పిలుపొచ్చింది. 2021 మార్చి 25న దుబాయ్‌లో ఒమన్‌తో జరిగిన స్నేహపూర్వక మ్యాచ్‌లో సనా తొలిసారి దేశం జెర్సీ వేసుకున్నాడు. ఆ మ్యాచ్‌ 1-1తో సమంగా ముగిసింది.

మరుసటి ఏడాది, 2022 మార్చి 20. గోవాలోని ఫతోర్డా మైదానంలో ఐఎస్‌ఎల్‌ ఫైనల్‌. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్‌. కరోనా మూలంగా రెండు సీజన్లు గోవాలోనే, ఖాళీ గ్యాలరీల మధ్య ఆడిన జట్లకు ఆరోజు జనం కేకలు వినిపించాయి. రెండో సగంలో కేరళ గోల్‌ కొట్టింది. ఇక అయిపోయిందనుకుంటుండగా 88వ నిమిషంలో సాహిల్‌ తవోరా కొట్టిన గోల్‌తో లెక్క సమమైంది. అదనపు సమయంలోనూ ఫలితం తేలలేదు. పెనాల్టీల్లో గోల్‌కీపర్‌ లక్ష్మీకాంత్‌ కట్టిమణి మూడింటిని ఆపేశాడు. 3-1తో కప్పు హైదరాబాద్‌ది! ఆ తర్వాతి సీజన్లో ఆ రక్షణ గోడ ఇంకా గట్టిపడింది. 20 లీగ్‌ మ్యాచ్‌ల్లో ఇచ్చిన గోల్స్‌ 16 మాత్రమే.

ఆ ఫోన్‌ కాల్‌...

జీతం, పేరు, కప్పు... అన్నీ వచ్చాయి. వచ్చిన డబ్బుతో సనా ఏం చేశాడు? సొంత ఊళ్లో ఇల్లు చూసుకున్నాడు. దాంతోపాటు చురాచాంద్‌పూర్‌లో ఓ టర్ఫ్‌ మైదానం కట్టించాడు. వానలు ఎక్కువగా కురిసే ఆ ప్రాంతంలో మట్టి మైదానం నెలల తరబడి బురదే. అదే కృత్రిమ పచ్చికైతే ఏడాది పొడవునా ఆడుకోవచ్చు. తనలాంటి పిల్లలకు అదో వేదిక కావాలని అతని కోరిక.

2023 మే 3. కేరళలోని కోజికోడ్‌లో ఏఎఫ్‌సీ కప్‌ అర్హత కోసం మోహన్‌బగాన్‌తో మ్యాచ్‌. హైదరాబాద్‌ 3-1తో ఓడిపోయింది. డ్రెస్సింగ్‌ రూమ్‌కి వచ్చి సనా ఫోన్‌ చూసుకుంటే... వరసగా మిస్డ్‌ కాల్స్‌, మెసేజ్‌లు. ఆరోజే మణిపూర్‌లో మైతేయి, కుకీ వర్గాల మధ్య హింస చెలరేగింది. అమ్మకు ఫోన్‌ చేస్తే అవతల ఏడుపు. ఆ ఏడుపు వెనక తుపాకుల చప్పుడు!

మైదానంలో గోల్‌ దగ్గరకు ఎవర్నీ రానివ్వని మనిషి. ఇంటికి మాత్రం వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు.

ఆలస్యం చేయకుండా ఇంటిదారి పట్టాడు. అయినవాళ్లంతా ప్రాణాలతో బయటపడి సహాయ శిబిరానికి చేరారు. అదొక్కటే ఊరట. ఇల్లు కాలిపోయింది. పిల్లల కోసం కట్టించిన టర్ఫ్‌ కూడా బూడిదైంది. కష్టపడి సంపాదించుకున్నదంతా పోయిందనీ, పిల్లలకు ఏదో చేయాలన్న పెద్ద కల చెదిరిపోయిందనీ తర్వాత విలేకరులతో చెప్పుకున్నాడు సనా.

ఆ హింసలో 200 మందికి పైగా చనిపోయారు. సుమారు 60 వేల మంది నిరాశ్రయులయ్యారు. కొండల్లో మైతేయిల ఇళ్లు కాలాయి, లోయలో కుకీల ఇళ్లూ కాలాయి. రెండు వైపులా బంతి పట్టుకుని తిరిగే పిల్లలున్నారు. ఫుట్‌బాల్‌ జట్లలో మైతేయి, కుకీ కుర్రాళ్లు ఒకరికొకరు బంతి అందించుకుంటూ ఆడిన రోజులు ఎన్నో. ఆ రాష్ట్రం పోగొట్టుకున్నది ఇళ్లను మాత్రమే కాదు.

మళ్లీ వెనకవరసలోకే...

ఫుట్‌బాల్‌ ఆటగాడి సంపాదన కాలం చాలా తక్కువ. ముప్పయ్యైదేళ్లు వచ్చేసరికి చాలామంది బూట్లు విప్పేస్తారు. ఇల్లు పోయినవాడికి ఆ కాలం మరీ విలువైనది. సనా మళ్లీ మైదానంలోకి దిగాడు.

కష్టాలు అక్కడితో ఆగితే బాగుండేది. 2023-24 సీజన్‌కి హైదరాబాద్‌ క్లబ్బే ఆర్థిక ఇబ్బందుల్లో పడింది. జీతాల బకాయిలు పేరుకుపోయాయి. పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. రెండేళ్ల కిందట కప్పెత్తిన జట్టు ఆ సీజన్లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటంటే ఒక్కటే గెలిచింది. సనా 2024 జనవరిలో బెంగళూరు ఎఫ్‌సీకి మారాడు. 2025లో హైదరాబాద్‌ క్లబ్బు కూడా దిల్లీకి తరలిపోయి, పేరు మార్చుకుంది. రహీమ్‌ సాబ్‌ ఊరికి ఐఎస్‌ఎల్‌ జట్టు లేకుండా పోయింది.

కానీ ఆటలో తలుపులు మూసుకున్నట్టే మూసుకుని మళ్లీ తెరుచుకుంటాయి. 2024 జులైలో మనోలో మార్కెజ్‌ భారత జట్టు కోచ్‌ అయ్యాడు. హైదరాబాద్‌లో తన గోడను నిలబెట్టినవాళ్లను ఆయన మర్చిపోలేదు. ఆ సెప్టెంబరులో తన తొలి పోటీకి ఎంచుకున్న జట్టులో సనాకు చోటిచ్చాడు. ఆ మ్యాచ్‌లు ఎక్కడో తెలుసా? గచ్చిబౌలి మైదానంలో! ఒకప్పుడు సనాకు సొంతగడ్డ అయిన చోటే.

2025 ఏప్రిల్‌ 12న బెంగళూరు ఐఎస్‌ఎల్‌ ఫైనల్‌ కూడా ఆడింది. కోల్‌కతాలో, మోహన్‌బగాన్‌ చేతిలో, అదనపు సమయంలో 2-1తో ఓడింది. కప్పు చేజారింది. కానీ రెండేళ్ల కిందట కోజికోడ్‌ డ్రెస్సింగ్‌ రూమ్‌లో ఫోన్‌ పట్టుకుని నిలబడిన కుర్రాడి క్లబ్బు ఆ స్థాయి దాకా రావడం చిన్న విషయమేం కాదు.

గోల్స్‌ కొట్టేవాళ్లకు లెక్క ఉంటుంది. ఇన్ని మ్యాచ్‌లు, ఇన్ని గోల్స్‌ అని చెప్పేయొచ్చు. ఆపినవాటికి అంత తేలిగ్గా లెక్క తేలదు. ప్రత్యర్థి తనను దాటి వెళ్లిపోయాడని డిఫెండర్‌ నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చోడు. అందినా అందకపోయినా వెనక్కి పరిగెత్తి, మళ్లీ గోల్‌ ముందు నిలబడతాడు. సనా చేసిందీ అదే.

ఈసారి పిల్లలతో కలిసి టీవీలో ఫుట్‌బాల్‌ చూసేటప్పుడు ఓ ఐదు నిమిషాలు బంతిని వదిలేయండి. వెనకవరసలో ఉన్న ఆ నలుగురినీ చూడండి. ఏమీ చేయనట్టే కనిపిస్తారు. ఎంత పని చేస్తున్నారో అప్పుడు తెలుస్తుంది.