కరకట్ట మీద కెలొరీల లెక్క

నెలరోజులు నడిచినా బరువు తగ్గలేదని బూట్లు మూలన పడేశారా? తప్పు నడకది కాదు, మనం వేసుకున్న లెక్కది!

పక్కనే కృష్ణానది. పొడవాటి కరకట్ట. శ్రీరామపాదక్షేత్రం ఘాట్ మీదుగా వీచే చల్లటి గాలి. నడవాలనుకునేవాళ్లకు నాగాయలంకలో అన్నీ ఉన్నాయి. విశాఖలో అయితే నడిచేవాళ్ల కోసం పొద్దున్నే బీచ్‌రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. దివిసీమలో అంత హడావుడి అక్కర్లేదు, గుమ్మం దాటి కట్టెక్కితే చాలు.

అయినా చాలామంది కథ ఒక్కటే. బరువు తగ్గమని డాక్టరు చెబుతారు. మర్నాడే కొత్త బూట్లు వస్తాయి. తెల్లారకముందే నడక మొదలవుతుంది. నెల తిరిగాక తూకం చూసుకుంటే ముల్లు దాదాపు అక్కడే ఉంటుంది. ‘ఇంత నడిచీ ఏం లాభం?’ అని మానేస్తారు. అసలు నష్టం మొదలయ్యేది అప్పుడే!

పని తగ్గింది... పళ్లెం తగ్గలేదు

ఒకప్పుడు డెల్టాలో వాకింగ్ అనే మాటే లేదు. నాట్లు, కోతలు, కుప్పనూర్పిళ్లు, ధాన్యం బస్తాల మోత... రోజంతా ఒంటికి పనే. పొరుగూరికి కాలినడకో, సైకిలో. ఇప్పుడు కోతకు యంత్రం వచ్చింది. చెరువు గట్టుదాకా బైకు వెళుతోంది. కానీ పళ్లెంలో అన్నం మాత్రం తాతల నాటి కొలతే!

ఫలితం లెక్కల్లో కనిపిస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో నూటికి 36 మంది, పురుషుల్లో 31 మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు.

గంట నడిస్తే ఎంత?

75 కిలోల మనిషి గంటలో 5 కిలోమీటర్లు నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 కెలొరీలు. ఆ దూరమే పరుగెత్తితే 375 దాకా పోతాయి. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కెలొరీలు ఖర్చు కావాలి. అంటే వారానికి ఆరు రోజులు గంట చొప్పున నడిస్తే, తిండి పెరగకుండా చూసుకుంటే, కిలో తగ్గడానికి అయిదు వారాలు పడుతుంది.

మరి అటువైపు? టీలో రెండు చెంచాల పంచదార 40 కెలొరీలు. వేపుడులో ఒక పెద్ద చెంచా నూనె 120. నడిచొచ్చిన ఆకలితో అదనంగా వడ్డించుకున్న వంద గ్రాముల అన్నం 130. మొత్తం 290. గంటసేపు కాళ్లరిగేలా నడిచి సంపాదించింది పది నిమిషాల్లో ఖర్చయిపోయింది, పైగా నలభై అప్పు!

ఇంకో చిక్కూ ఉంది. మనం ఎక్కువ కదిలితే శరీరం మరోచోట పొదుపు చేసుకుంటుంది. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా తెగవారిని పరిశోధకులు పరిశీలించారు. రోజూ మైళ్లకొద్దీ నడిచే వాళ్లు ఖర్చుచేసే శక్తి, ఒంటి పరిమాణాన్ని బట్టి లెక్కిస్తే, కుర్చీల్లో కూర్చునే పాశ్చాత్యులు ఖర్చుచేసేదానికి ఇంచుమించు సమానమేనని 2012లో తేల్చారు. కేవలం కాళ్లను నమ్ముకుని బరువు తగ్గడం కష్టమన్నమాట.

అయితే నడక దండగేనా?

ఎంతమాత్రం కాదు. తూకంలో కనిపించని లాభాలే ఎక్కువ. నడిచేటప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. అందుకే భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాల నడక షుగరు ఒక్కసారిగా పెరగకుండా చూస్తుంది. రక్తపోటు అదుపులో ఉంటుంది. బరువు తగ్గకపోయినా పొట్టలోపలి కొవ్వు కొంత కరుగుతుంది. కాబట్టి తూకంతోపాటు టేపునూ నమ్మండి. పొట్ట చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదన్నది మనవాళ్లకు నిపుణులు పెట్టిన హద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. బరువు తగ్గడం ఒక ఎత్తు, మళ్లీ పెరగకుండా చూసుకోవడం పది ఎత్తులు. అమెరికాలో సుమారు 14 కిలోలు తగ్గి, కనీసం ఏడాదిపాటు దాన్ని నిలబెట్టుకున్నవారి వివరాలను 1994 నుంచి ఓ రిజిస్ట్రీలో నమోదు చేస్తూ వచ్చారు. వారిలో పదిమందికి తొమ్మిదిమంది వ్యాయామం చేసేవారే, అదీ సగటున రోజుకు గంట. వాళ్లలో ఎక్కువమంది ఎంచుకున్నది మామూలు నడకనే!

పదివేల అడుగులు తప్పదా?

ఆ అంకె ఏ వైద్యశాస్త్రంలోంచీ పుట్టలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన అడుగులు లెక్కించే పరికరం పేరుకు ‘పదివేల అడుగుల మీటరు’ అని అర్థం. అది అలా ప్రపంచమంతా పాకింది. అమెరికాలో వయసు మళ్లిన మహిళలపై 2019లో వెలువడిన అధ్యయనంలో రోజుకు 4,400 అడుగులు వేసేవారిలోనే మరణాల ముప్పు తక్కువగా కనిపించింది. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇంకా తేలిక. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక. అంటే రోజుకు అరగంట, అయిదు రోజులు. దాంతోపాటు వారంలో రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. వేగం సరిపోతోందా అన్న అనుమానం వద్దు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి!

పరుగు ఎప్పుడు?

పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం కాళ్ల మీద పడుతుంది. అందుకే లావుగా ఉన్నవాళ్లు మొదటిరోజే పరుగందుకుంటే మోకాళ్లు మొరాయిస్తాయి. మొదటి రెండు వారాలు పదిహేను నిమిషాల నడక చాలు. తర్వాత అరగంటకు పెంచండి. రెండు మూడు నెలలు ఇబ్బంది లేకుండా సాగితే నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున ప్రయత్నించవచ్చు. గుండెజబ్బు, బీపీ, మోకాళ్లనొప్పులు ఉన్నవాళ్లు ముందుగా డాక్టరును అడగాలి. నడకలో ఛాతీ బరువుగా అనిపిస్తే వెంటనే ఆగి వైద్యం అందుకోవాలి.

కట్టెక్కే ముందు...

* 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఎంత భయపెట్టాయో గుర్తుందిగా! వెలుగు వచ్చాకే గట్ల మీదికి వెళ్లండి. చీకటి తప్పకపోతే చేతిలో టార్చి, కాళ్లకు మూసిన బూట్లు ఉండాలి.

* రోడ్డు మీద అయితే కుడిపక్కన, ఎదురొచ్చే వాహనాలు కనబడేలా నడవండి. లేత రంగు దుస్తులు మేలు.

* ఎండాకాలంలో ఏడు గంటలకల్లా ఇల్లు చేరండి. సముద్రం దగ్గర కాబట్టి గాలిలో తేమ ఎక్కువ, చెమట త్వరగా ఆరదు. మంచినీళ్లు వెంట ఉంచుకోండి.

* షుగరు ఉన్నవాళ్లు ఉత్త కాళ్లతో నడవొద్దు. ఇన్సులిన్‌గానీ మాత్రలుగానీ వాడుతుంటే జేబులో నాలుగు చక్కెర బిళ్లలు ఉండాలి.

* ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లడానికి జంకుతుంటే డ్వాక్రా సంఘం మిత్రులతో కలిసి బయల్దేరండి. తోడుంటే నడక మానేయడమూ కష్టమే!

ఇక వంటింట్లో చేయాల్సింది పెద్దగా లేదు. రొయ్యల వేపుడుకు బదులు చేపల పులుసు, అన్నం ఒక గరిటె తక్కువ, కూర ఒక గరిటె ఎక్కువ, టీలో పంచదార సగం. బరువు తగ్గించే పని పళ్లేనికి అప్పజెప్పండి. తగ్గిన బరువును కాపలా కాసే పని కాళ్లకు వదిలేయండి. రెండూ కలిసి పనిచేస్తే తూకంలో ముల్లు కూడా మాట వింటుంది!