బిస్కెట్టుకు జలగండం

ఒకప్పుడు ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్టు అడగాల్సిన పని ఉండేది కాదు. చాయ్ కంటే ముందే ప్లేటు బల్ల మీదికి వచ్చేది. పక్కనే ఇంకో ప్లేటులో చిన్న ఉల్లి సమోసాలు. తిన్నవాటికే డబ్బులు, మిగిలినవి అదే ప్లేటులో పక్క బల్లకు పోయేవి. గిరాకీ లేవగానే వెయిటరు ప్లేటు వైపు ఒక్క చూపు చూసి, గల్లా దాకా వినపడేలా "దో చాయ్, చార్ బిస్కెట్" అని కేకేసేవాడు. బిల్లు కాగితం ఊసే లేదు.

ఈ మర్యాద హైదరాబాదు నగరానికే పరిమితం కాలేదు. జహీరాబాద్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. ముంబై హైవే మీద, నగరానికి సుమారు 100 కిలోమీటర్ల దూరం. అలాంటి రోడ్డు మీది ఊళ్లలో లారీ ఆగితే చాయ్, చాయ్ వస్తే బిస్కెట్టు. ఇవాళ అదే రోడ్డు మీద బిస్కెట్లు మూత బిగించిన సీసాల్లోనో, సీలు వేసిన ప్యాకెట్లలోనో కనిపిస్తాయి. అడిగితేనే ఇస్తారు, లెక్క ముందే కడతారు. అమెరికాలో సూపు తాగేవాళ్ల కోసం బల్ల మీద బుట్టలో ఉప్పు క్రాకర్లు పెట్టే రివాజుకూ ఇదే గతి పట్టింది. అక్కడి పెద్దవాళ్లు ఆ బుట్టను తలుచుకుంటారు, ఇక్కడివాళ్లు ఈ ప్లేటును.

ప్లేటు ఏమైందంటే ధరలు పెరిగాయంటారు, శుభ్రత అంటారు, కోవిడ్ తర్వాత ఒకరు ముట్టింది ఇంకొకరు తినడం లేదంటారు. అన్నింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ అసలు ముద్దాయి నీళ్లు. పిండిలోని నీళ్లను వెళ్లగొట్టడం, వెళ్లినవి మళ్లీ లోపలికి రాకుండా కాపు కాయడం: బిస్కెట్టు యంత్రాల రెండు వందల ఏళ్ల చరిత్రంతా ఈ రెండు పనుల చుట్టూనే తిరిగింది. రెండో పనిలో ప్యాకెట్టు గెలిచింది, ప్లేటు ఓడింది.

రొట్టెలో సుమారు 35 నుంచి 40 శాతం నీళ్లుంటాయి. పొయ్యి దిగిన బిస్కెట్టులో ఉండేది రెండు మూడు శాతమే. అంత పొడిగా ఉన్నప్పుడు లోపలి పిండిపదార్థం, చక్కెర కలిసి గాజులా బిగుసుకుని ఉంటాయి; భౌతికశాస్త్రం కూడా ఆ స్థితిని గాజు స్థితి అనే అంటుంది. విరిస్తే టక్కుమంటుంది. గాలిలోని తేమ కొద్దిగా చేరిందా, ఆ గాజు కాస్తా రబ్బరవుతుంది. వానాకాలం ఉదయాల్లో ఇక్కడి గాలిలో తేమ 80 శాతం దాటుతుంది. ఆ పూట తెరిచి పెట్టిన ప్లేటు సాయంత్రానికి ఎలా ఉంటుందో హోటలు యజమానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

నీళ్లతో ఈ తగువు ఓడల మీద మొదలైంది. నెలల తరబడి సముద్రంలో ఉండే నావికులకు చెడిపోని తిండి కావాలి కాబట్టి, పిండీ నీళ్లూ కలిపి రాయిలా కాల్చి ఇచ్చేవారు. బ్రిటిష్ నౌకాదళపు బేకరీల్లో ఒక్కో పొయ్యికి ఐదుగురు మనుషులు. ఒకడు చేతులతో పిండి కలిపితే, ఇంకొకడు పొడవాటి దూలం చివర కూర్చుని, దాంతోపాటు ఎగిరెగిరి పడుతూ ఆ ముద్దను అణిచేవాడు. చివరివాడు పొయ్యి నోటి దగ్గర బిస్కెట్లు విసిరేవాడు. నిమిషానికి 70 విసిరేవాడని రాసి పెట్టారు.

1829 ప్రాంతంలో థామస్ గ్రాంట్ అనే నౌకాదళ అధికారి ఈ ఐదుగురి పనినీ ఆవిరి యంత్రానికి అప్పగించే ఏర్పాటు చేశాడు. గోస్‌పోర్ట్‌లోని నౌకాదళ సరుకుల యార్డులో అది నడిచింది. ఆవిరి కంటే ముచ్చటైన సంగతి అచ్చు. గ్రాంట్ బిస్కెట్టును గుండ్రంగా కాకుండా ఆరు పలకలుగా కోయించాడు. గుండ్రాలు కోస్తే మధ్యలో పిండి ముక్కలు మిగులుతాయి, వాటిని మళ్లీ కలపాలి. ఆరు పలకలైతే ఒకదాన్నొకటి ఒరుసుకుని మిగులే ఉండదు. పైగా అచ్చు పూర్తిగా తెగకుండా గీతలు మాత్రమే దించేది. రేకంతా ఒక్క పలకగానే పొయ్యిలోకి పోయి, కాలాక గీతల వెంట విరిగేది. బ్రిటిష్ పార్లమెంటు ఆయనకు 2000 పౌండ్లు బహుమానం ఇచ్చింది.

బిస్కెట్టు మీది రంధ్రాలను చాలామంది అలంకారం అనుకుంటారు. ఒక మారీ బిస్కెట్టు తీసుకుని వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి, కొన్నిచోట్ల అవతలి వెలుతురు కూడా కనిపిస్తుంది. (రష్యా రాకుమారి మరియా పెళ్లి సందర్భంగా 1874లో లండన్‌కు చెందిన పీక్ ఫ్రీన్ కంపెనీ చేసిన బిస్కెట్టు అది.) పలచటి పిండి రేకు వేడి తగలగానే లోపలి నీళ్లు ఆవిరై, దారి లేక పైపొరను పూరీలా ఉబ్బిస్తాయి. సూదులు దిగినచోట ఆవిరికి దారి దొరుకుతుంది, పై పొరా కింది పొరా కలిసి అతుక్కుంటాయి. ఉస్మానియాకు ఆ సూదులు అక్కర్లేదు. అందులో నెయ్యో, డాల్డానో, వెన్నో దండిగా పడుతుంది. కొవ్వు మైదా రేణువులను చుట్టేసి జిగురు సాగకుండా ఆపుతుంది. సాగే పొరే లేకపోతే ఉబ్బే బొబ్బా లేదు.

మన దేశంలో 1880లో తలస్సేరిలో మాంబల్లి బాపు బిస్కెట్ల బేకరీ పెట్టాడు. 1892లో 295 రూపాయల పెట్టుబడితో కలకత్తాలో మొదలైన చిన్న బిస్కెట్ల వ్యాపారం బ్రిటానియా అయింది. 1910లో కరెంటు యంత్రాలు, 1921లో దిగుమతి చేసుకున్న గ్యాసు పొయ్యిలు వచ్చాయి.

కాల్చే యంత్రాలు ఎంత ముందుకు పోయినా అమ్మకం మాత్రం పాత పద్ధతే. అమెరికా కొట్లలో క్రాకర్లు మూత తీసిన పీపాల్లోంచి తూచి ఇచ్చేవారు. అడుగున ఉన్నవి మెత్తబడి, ముక్కలై, ఎలుకల పాలయ్యేవి. 1898లో అనేక బేకరీలను కలిపి ఏర్పడ్డ నేషనల్ బిస్కెట్ కంపెనీ 'యునీడా' క్రాకర్లను మైనం కాగితంలో చుట్టి అట్టపెట్టెలో పెట్టి అమ్మింది. దాని ప్రకటనలో వానకోటు తొడుక్కున్న కుర్రాడు బిస్కెట్ల పెట్టెతో నిలబడి ఉంటాడు. కంపెనీ అమ్ముతున్నది రుచిని కాదు, పొడిదనాన్ని. నా మట్టుకు బిస్కెట్టు చరిత్రలో ఆవిరి యంత్రం కన్నా ఆ మైనం కాగితమే పెద్ద మలుపు.

మరి ఉస్మానియా కాగితం లేకుండా అన్నేళ్లు ఎలా నిలిచింది? నిలవలేదు, నిలవాల్సిన అవసరమే రాలేదు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మోసిన ఈ బిస్కెట్టు ఇటుకలతో కట్టిన పొయ్యిలో పొద్దున కాలి, చీకటి పడేలోపు చెల్లిపోయేది. చార్మినార్ పక్కన నిమ్రా కెఫేలో ఇప్పటికీ పొయ్యిలోంచి రేకులు వస్తుంటాయి, జనం వేడివేడిగానే పట్టుకుపోతారు. ఏ పూటకాపూట సరుకు తిరిగే చోట చెమ్మకు వ్యవధి దొరకదు. సరుకు నిదానించిన రోడ్డు పక్క హోటల్లోనే ప్లేటు దండగైంది.

ప్యాకెట్టులో వేసినంత మాత్రాన గండం గడవదు. సొరంగం పొయ్యిలో గొలుసు పట్టీ మీద నిమిషాల్లో కాలి వచ్చే బిస్కెట్టుకు అంచులు మధ్య భాగం కంటే ఎక్కువ ఎండుతాయి. చల్లారేటప్పుడు అంచులు గాలిలోని తేమ పీల్చి వ్యాకోచిస్తాయి, మధ్య భాగం తేమ వదిలి ముడుచుకుంటుంది. ఈ లాగులాటలో, ఎవరూ ముట్టకుండానే కొన్ని గంటల తర్వాత సన్నని పగులు వస్తుంది. 2003లో ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం పరిశోధకులు లేజర్ కాంతితో ఈ కదలికలను కొలిచి చూపించారు. ప్యాకెట్టు విప్పగానే కనిపించే విరిగిన ముక్కల నేరమంతా లారీ డ్రైవరుది కాదన్నమాట.

జహీరాబాద్ దగ్గరికి వచ్చేసరికి ఈ కథ మైదా దాటుతుంది. ఈ చుట్టుపక్కల ఎర్రనేలల్లో జొన్న, సజ్జ, కొర్ర పంటలను నిలబెట్టడానికి పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1980ల నుంచి పనిచేస్తున్నాయి. 2019లో వాటికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. జొన్న బిస్కెట్టుకు గ్రాంట్ యంత్రం పనికిరాదు. జొన్నపిండిలో గోధుమ జిగురు లేదు, రేకుగా సాగదీస్తే పిగిలిపోతుంది. జొన్నరొట్టె చేసే మనిషి మరిగిన నీళ్లు పోసి పిండిని కొంత ఉడికించి, అరచేత్తో తట్టడం ఇందుకే. బిస్కెట్టుకు అన్ని నీళ్లు పోయడం కుదరదు. కాబట్టి కొవ్వు ఎక్కువ వేసి, ముద్దను అచ్చులో అదమాలి.

సజ్జ బిస్కెట్టుకు చెమ్మతో పాటు ఇంకో చిక్కుంది. సజ్జల్లో నూనె ఎక్కువ. విసిరిన పిండిలో లైపేజ్ అనే ఎంజైము ఆ నూనెను విడగొట్టి, కొద్ది రోజుల్లోనే పిండిని చేదెక్కిస్తుంది. విసరకముందే గింజకు ఆవిరి పట్టి ఆరబెడితే ఎంజైము చస్తుంది, పిండి ఎక్కువ కాలం నిలుస్తుంది. అంటే ఇక్కడ ముందు నీళ్లు పెట్టి, తర్వాత తీసేయాలి.