మీకు తెలుసా? పంది రూపాయి, బియ్యం లాగే బిళ్ళ!

● రెడ్డిగూడెం తోటలో కోసిన పావుకిలో మామిడికాయను తూచడానికి తక్కెడలో 21 పాత వెండి రూపాయలు వేసినా, ఇంకా కాయవైపే మొగ్గుతుంది! బ్రిటిష్ వారి వెండి రూపాయి తూకం తులం, అంటే 11.66 గ్రాములు. మరి ఆన్‌లైన్‌లో అమ్మే ‘అపురూపమైన’ రూపాయి 9 గ్రాములే తూగితే ఏమనుకోవాలి?

● 1911లో ఓ ఏనుగు పందైపోయింది! రూపాయి మీద అయిదో జార్జి దుస్తులపై ఉన్న చిట్టి ఏనుగుకు తొండం పొట్టిగా పడి, అచ్చం పందిలా ఉందని జనం గోల పెట్టారు. కొట్టిన దాదాపు 94 లక్షల రూపాయల్లో బయటికి వచ్చినవి 7 లక్షలేనట, మిగతావి మూసలోకే! మరుసటి ఏడాది ఏనుగుకు తొండం సరిగ్గా మొలిచింది.

● విక్టోరియా రూపాయి మీద 1862 అని ఉంటే అది 1862లోనే పుట్టిందనుకోకండి. 1874 దాకా అదే సంవత్సరం వేసి కొట్టారు; బొంబాయి టంకశాల వేసిన చుక్కలు లెక్కపెడితేనే అసలు వయసు తెలుస్తుంది!

● ఒకవైపు రాజు మామూలుగా, రెండోవైపు అదే రాజు తిరగబడి, లోపలికి గుంటపడి! ముందు కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే తర్వాతి బిళ్ళకు ఈ గతి పడుతుంది, దీన్నే ‘బ్రోకేజ్’ అంటారు. దొంగ సరుకు చేసేవాళ్ళు రెండు నాణేలను కలిపి గట్టిగా నొక్కేస్తారు. ఆ నొక్కుడుకు అవతలి వైపు బొమ్మ చదునైపోయి, గుట్టు అదే రట్టు చేస్తుంది.

● ఒకే బిళ్ళ మీద ఇద్దరు రాజులుంటే అది పొరపాటేనా? కాదు, పంతం! 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో దొరికిన 13 వేలకు పైగా వెండి నాణేలు శత్రురాజు నహపానుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద మన గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు.

● చిన్న తూకం మీద నీళ్ళ కప్పు పెట్టి, నాణేన్ని దారంతో నీళ్ళలో వేలాడదీయండి. కప్పు అడుగు తగలకూడదు సుమా! 1939కి ముందటి అసలు రూపాయైతే తూకం దాదాపు 1.13 గ్రాములు పెరుగుతుంది. అంతే బరువున్న వెండి పూసిన ఇత్తడైతే అంతకన్నా ఎక్కువ చూపిస్తుంది.

● 1939 రూపాయి అరుదు. అందుకే 1938లోని 8ని 9గా చెక్కేవాళ్ళున్నారు. భూతద్దం ఎందుకుంది మరి?

● దేవుళ్ళ బొమ్మలతో, 1818 అని ఉన్న ‘ఈస్టిండియా కంపెనీ’ బిళ్ళ బియ్యపు గింజల్ని లాగుతుందట, ధర లక్షలట! కంపెనీ అలాంటి నాణెం కొట్టనే లేదు; అది ‘రైస్ పుల్లింగ్’ మోసం.

● మామిడి పాదు తవ్వుతుంటే వెండి ముంత బయటపడిందా? 1878 నాటి చట్టం ప్రకారం దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే చాలు, కలెక్టరుకు చెప్పాల్సిందే!

● రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణేలకు కమీషనో, పన్నో కట్టమంటే కట్టకండి. అలాంటి వ్యవహారాలతో తనకు సంబంధమే లేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టులో బహిరంగంగా హెచ్చరించింది.